మొదటి గిరాకీ మన ఊళ్లోనే

(దేవరకొండలో మహిళా సంఘాల సభ్యులు, రైతులు, చిరు వ్యాపారులు, వసతి గృహాల వార్డెన్లు పాల్గొన్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అమ్మలకు, అక్కలకు, అన్నలకు, వెనక నిలబడి ఉన్న తమ్ముళ్లకు నమస్కారం. ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి.

నన్ను పిలిచినవాళ్లు స్థానిక ఆహార ఉత్పత్తుల ప్రోత్సాహం గురించి మాట్లాడమన్నారు. విషయం పెద్దది. నేను దాన్ని ఒక్క ప్రశ్నకు కుదించుకుని వచ్చాను. మన దగ్గర పండే పంటను, మన చేతులతో చేసే సరుకును రోజూ కొనేది ఎవరు? ఏడాదికోసారి ఎగ్జిబిషన్‌లో కొనేవాళ్ల గురించి కాదు నేను అడిగేది. పొద్దున లేస్తే కొనేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన సరుకు నిలబడింది, దొరకని సరుకు ఎంత రుచిగా ఉన్నా మూలన పడింది.

సంఘాల అక్కలు చేసే సకినాలు, పల్లీ పట్టీలు, నువ్వుల లడ్డూలు, పచ్చళ్లు ఎవరి సరుకుకూ తీసిపోవు. హైదరాబాద్‌లో ప్రదర్శన పెడితే తీసుకుపోయినదంతా అమ్ముడుపోతుంది. ఊరికి తిరిగొచ్చాక పొయ్యి ఆరుతుంది. మళ్లీ ప్రదర్శన ఎప్పుడా అని ఎదురుచూపులు మొదలవుతాయి. ఆ నెలలన్నీ అదే వీధిలో కిరాణా కొట్టు గుమ్మానికి ఎక్కడో తయారైన చిప్స్ ప్యాకెట్లు దండలుగా వేలాడుతూనే ఉంటాయి, మన పిల్లలు కొంటూనే ఉంటారు. గిరాకీ లేదని ఎలా అంటాం? ఉంది. మన వైపు తిరగలేదు, అంతే.

ముందు బత్తాయి సంగతి. నల్గొండ జిల్లాలో మాట్లాడుతూ బత్తాయిని వదిలేస్తే తప్పవుతుంది. బోర్లు ఎండి, ఏళ్ల తరబడి బిడ్డలా సాకిన తోటను చేతులారా నరుక్కున్న రైతులు ఈ సభలోనే ఉండవచ్చు. నిలిచిన తోటల కాయ లారీలెక్కి ఢిల్లీ దాకా పోతుంది. టన్ను లెక్కన బేరం, దాని మీద తరుగు. కాయకు మంగు పట్టిందంటే ధర ఇంకా పడిపోతుంది. మంగు తొక్కను పాడు చేస్తుంది కానీ లోపలి రసానికి లోటు రాదని ప్రతి రైతుకూ తెలుసు. ఢిల్లీలో బండి మీద పేర్చి అమ్మేవాడికి తొక్క నిగనిగలాడాలి. పిండుకుని తాగేవాడికి తొక్కతో పనేమిటి?

ఆ లారీ పోయే రోడ్డు పక్కనే ఫంక్షన్ హాళ్లున్నాయి. పెళ్లికి వచ్చినవారికి గుమ్మంలో చేతికిచ్చేది సీసాలోని రంగు పానీయం. ఇక్కడ ఒక లెక్క వేద్దాం. ఐదు వందల మంది వచ్చే పెళ్లిలో మనిషికి 150 మిల్లీలీటర్ల గ్లాసు ఇస్తే 75 లీటర్ల రసం కావాలి. కాయ బరువులో నలభై శాతం రసం దిగుతుందనుకున్నా దాదాపు రెండు క్వింటాళ్ల బత్తాయి ఒక్క పెళ్లికే పడుతుంది. మంచి ముహూర్తం ఉన్న రోజున ఈ పట్టణంలో, చుట్టుపక్కల మండలాల్లో ఎన్ని పెళ్లిళ్లవుతాయో హాళ్ల యజమానులకు నాకంటే బాగా తెలుసు. వేసవి పెళ్లిళ్ల నాటికి కత్తెర కాపు, అంటే బత్తాయి వేసవి పంట, ఉంటుంది. మంగు పట్టిన కాయకు ఇంతకంటే మంచి చోటు నాకు కనిపించడం లేదు.

బత్తాయి రసానికి ఒక గుణం ఉంది. పిండి పెడితే కొన్ని గంటల్లో చేదెక్కుతుంది. గింజ నలిగినా, తొక్క కింది తెల్లటి పొర ఎక్కువగా పిండినా ఆ చేదు ఇంకా ముందే వస్తుంది. లిమోనిన్ అనే పదార్థం దీనికి కారణమని ఆహార శాస్త్రం చెబుతుంది. పెద్ద కంపెనీలకు ఇది తలనొప్పి. సీసాలో పోసి నెలల తరబడి నిలవ ఉంచాలంటే ఆ చేదును తీసేసే ఏర్పాట్లు వేరే చేసుకోవాలి. మనకు మాత్రం ఇది వరం. కళ్లముందు పిండిన రసానికి సాటి లేదు, కళ్లముందు పిండగలిగేది తోటకు దగ్గరున్నవాళ్లే. చేతి యంత్రాలతో ఇద్దరు ముగ్గురు అక్కలు, శుభ్రమైన జల్లెడ, మంచు పెట్టె. హాలు వాళ్లతో ముందే మాట్లాడుకుంటే ఇది సంఘానికి స్థిరమైన పని. నిమ్మకూ ఇదే వర్తిస్తుంది. మన పక్కనే నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్టు పెట్టుకుని, ఆఫీసు సమావేశాల్లో ఎక్కడి పానీయమో తాగుతున్నాం.

ఈ జిల్లాలో పానీయాల గురించి మాట్లాడితే ఫ్లోరైడ్ గురించి మాట్లాడకుండా ఉండలేను. మర్రిగూడ, నాంపల్లి వైపు వంగిన కాళ్లతో, బిగుసుకుపోయిన మెడలతో బతికినవాళ్లను చూస్తూ పెరిగినవాళ్లం. నీళ్లలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం వాడి తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరు. మన జిల్లా పేరు శాస్త్ర గ్రంథాలకు అలా ఎక్కింది. ఇప్పుడు కృష్ణా నీళ్లు పైపుల్లో వస్తున్నాయి. అయినా పట్నంలో నల్గొండ పచ్చడి అనగానే "ఏ నీళ్లతో చేశారు?" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ప్రశ్నకు కోపం తెచ్చుకోవద్దు. నీటిని పరీక్ష చేయించి, ఆ కాగితాన్ని తయారీ గదిలో గోడకు అంటించండి. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపు ఉందని అంకె చూపిస్తే అడిగినవాడే మరో ఇద్దరికి చెబుతాడు. ఇంకొక మాట. ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతాల్లో క్యాల్షియం, సి విటమిన్ బాగా ఉండే ఆహారం తినాలని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అంటే పాలు, తైదలు (రాగులు), ఉసిరి, నిమ్మ, బత్తాయి. ఇవన్నీ మన దగ్గర పండేవే, దొరికేవే. అవసరం ఇక్కడ ఉంది, కాయ ఢిల్లీకి పోతోంది. ఇది నన్ను చాలా బాధపెట్టే విషయం.

ఇప్పుడు ఏ సాయమూ లేకుండా, ఏ ఫ్లెక్సీ కట్టకుండా గెలిచిన మన తిండి ఒకదాని గురించి చెబుతాను. జొన్న రొట్టె.

సాయంత్రం అయిందంటే మహబూబ్‌నగర్‌లో చూడండి, కల్వకుర్తిలో చూడండి, రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే అక్కలు కనిపిస్తారు. ఒకసారి నిలబడి ఆ పని చూడండి. మరిగే నీళ్లు పిండిలో పోసి కలుపుతుంది. చెయ్యి ఓర్చుకునే వేడికి రాగానే అరచేత్తో అదిమి అదిమి పిసుకుతుంది. గోధుమలో ఉండే జిగురు జొన్నలో లేదు కాబట్టి పిండిని పట్టి ఉంచేది ఆ వేడినీళ్లూ ఆ పిసుకుడే. ముద్దను పీట మీద పెట్టి, పొడిపిండి చల్లుతూ, చేత్తో తడుతూ తిప్పుతుంది. పెనం మీద వేశాక పై వైపున తడిగుడ్డతో ఒకసారి అద్దుతుంది. పిండి పాతదైతే అంచులు పగులుతాయి, నాలుకకు చేదు తగులుతుంది. అందుకే ఆమె నిలవ పిండి కొనదు, ఏ రోజుకు కావలసింది ఆ రోజే పట్టిస్తుంది. కొనేవాడికి రొట్టె కాలడం కనిపిస్తుంది, ధర తెలుసు, ఇంటికి పోయే దారిలోనే ఉంది. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లతో మొదలైన గిరాకీ ఇవాళ ఇంటిల్లిపాదికీ పాకింది. స్థానిక ఆహారాన్ని ఎలా అమ్మాలో నేర్చుకోవాలంటే ఎక్కడికో పోనక్కర లేదు, ఆ పొయ్యి దగ్గర అరగంట నిలబడితే చాలు.

అయితే ఆ పిండి ఏ ఊరి జొన్నలదని ఎప్పుడైనా అడిగారా? నేను అడిగిన చాలా చోట్ల పక్క రాష్ట్రం నుంచి వచ్చిన సంచి చూపించారు. పాలమూరు జొన్న రొట్టె తిని, గట్క తిని, అంబలి తాగి బతికిన నేల. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. పేదవాడి కడుపు నింపిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ తర్వాత గిన్నెలోకి వరి అన్నం, చేనులోకి పత్తి వచ్చాయి, జొన్న వెనక్కి పోయింది. ఇప్పుడు రొట్టెకు గిరాకీ తిరిగొచ్చింది, చేను మాత్రం తిరిగి రాలేదు.

రైతును అడిగితే పిట్టల గురించి చెబుతాడు. చుట్టూ పత్తి ఉండి ఒక్కడే జొన్న వేస్తే ఊళ్లోని పిట్టలన్నీ ఆ ఒక్క చేను మీదే వాలుతాయి. మంచె మీద కూర్చుని వడిసెల తిప్పడానికి ఇవాళ ఇంట్లో మనిషి లేడు. పది మంది పక్కపక్కన వేస్తే ఆ నష్టం పంచుకున్నట్టవుతుంది. పది మంది ఎందుకు వేస్తారు? కొనేవాడు ఖాయమైతే వేస్తారు. రొట్టెల అక్క ఒకరు రోజుకు పది కిలోల పిండి వాడితే నెలకు మూడు క్వింటాళ్లు. అలాంటివాళ్లు పది మంది ఉంటే ఏడాదికి మూడు వందల అరవై క్వింటాళ్లు. ఎకరాకు ఏడెనిమిది క్వింటాళ్లు పండినా నలభై అయిదు, యాభై ఎకరాల పంటను ఒక్క పట్టణంలోని రొట్టెల పొయ్యిలే తీసుకుంటాయి. పిండి గిర్నీ యజమానిని, రొట్టెల అక్కలను, రైతులను విత్తనానికి ముందే ఒక చోట కూర్చోబెట్టే పని ఈ సభలో ఉన్న సంఘాల నాయకురాళ్లు చేయగలరు.

జహీరాబాద్ వైపు దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ మహిళా సంఘాలు చేసింది అలాంటి పనే. బీడు భూముల్లో జొన్న పండించారు, ఆ గింజలను ఊళ్లోనే పాతరేశారు, ఆ ఊరి పేదలకే తక్కువ ధరకు ఇచ్చారు. తొంభైల్లో మొదలైన ప్రయత్నం అది. 2019లో ఆ మహిళలకు ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకునే నాటికి వాళ్లు ఆ పనిలో పండిపోయారు. వాళ్లు ముందుగా పెట్టుకున్న కొనుగోలుదారు తమ ఊరే. నేను గమనించమనేది దాన్నే.

ఇక పల్లీలు. వనపర్తి, నాగర్‌కర్నూల్, అచ్చంపేట వైపు యాసంగి పల్లీ ఎంత పండుతుందో చెప్పనక్కర లేదు. గానుగ నూనె ధర చూసి జనం వెనక్కి తగ్గుతారు. గానుగ పెట్టినవాళ్లకు నేను చెప్పేది, ధరతో పాటు లెక్క కూడా చెప్పండి. లీటరు నూనె తీయాలంటే సుమారు రెండున్నర కిలోల గింజలు కావాలి. ఇవాళ మార్కెట్లో గింజల ధర ఇంత, ఆడించిన కూలి ఇంత, నూనె తీశాక మిగిలే చెక్క అమ్మితే తిరిగొచ్చేది ఇంత అని గోడ మీద సుద్దముక్కతో రాసి రోజూ మార్చండి. అప్పుడు ధర చూసి బెదిరినవాడే, గింజల ఖరీదుకు కూడా రాని ధరకు "స్వచ్ఛమైన పల్లీ నూనె" ఎవరైనా అమ్ముతుంటే అందులో ఏముందని అనుమానిస్తాడు.

కానీ మన ఊరిది అన్నంత మాత్రాన మంచిదైపోదు. ఈ మాట సంఘాల సభలో చెప్పడం కొందరికి నచ్చకపోవచ్చు, అయినా చెప్పాలి. పల్లీకాయ సరిగా ఎండకపోతే బూజు పడుతుంది, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. కాయలో తేమ ఎనిమిది, తొమ్మిది శాతానికి దిగాలి. యంత్రం లేని చోట పెద్దలు గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఊపి చూస్తారు. గలగలమంటే ఎండినట్టు. ముడుచుకున్న గింజ, రంగు మారిన గింజ, పురుగు కుట్టిన గింజ ఏరి పారేయాల్సిందే. వాటిని పట్టీలోకో నూనెలోకో తోసేశారని ఒక్కసారి బయటపడితే ఆ మచ్చ ఒక్క సంఘంతో పోదు, అందరికీ అంటుకుంటుంది.

కల్లు విషయంలో జరిగింది అదే. తాటిచెట్టు, ఈతచెట్టు ఎక్కి, నడుముకు మోకు కట్టుకుని, ప్రాణాలకు తెగించి గీసే గీత కార్మికుల కష్టం మీద మత్తుమందులు కలిపేవాళ్లు దెబ్బకొట్టారు. క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం కలిపిన కల్లుకు అలవాటుపడి, అది దొరకని రోజు పిచ్చెక్కినట్టయి ఆస్పత్రుల్లో చేరినవాళ్లు పాలమూరులో ఎందరో ఉన్నారు. చెట్టు కింద తాగే కల్లుకూ దుకాణంలో కలిపిన కల్లుకూ పేరొక్కటే కావడంతో నిజాయితీపరుడి కుండ కూడా అనుమానం పాలైంది. అవే చెట్ల నుంచి దిగే పులియని రసం నీరా. దాని మీద నాకు ఆశ ఉంది. రాత్రంతా సున్నం పూసిన కుండలో పట్టి, పొద్దెక్కకముందే దించి, వెంటనే చల్లబరిస్తే అది మత్తులేని తీయటి పానీయం. చల్లదనం అందకపోతే కొన్ని గంటల్లోనే పులిసి కల్లవుతుంది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచారు, సంతోషమే. చెట్లున్న చోట, గీసేవాళ్లున్న చోట, ఇక్కడ కూడా పొద్దున పూట ఒక చిన్న కేంద్రం ఉండాలని నా కోరిక. మంచు పెట్టె ఖర్చు గీత కార్మికుల సొసైటీ భరించగలదు. చెట్టు నుంచి గ్లాసు దాకా ఎవరెవరి చేతులు మారిందో చెప్పగలగాలి. ఆ ఒక్క నియమం పాటిస్తే నమ్మకం తిరిగొస్తుంది.

సీతాఫలం గురించి ఒక్క మాట. 'బాలానగర్' అనే రకం దేశంలో ఎక్కడెక్కడో పండుతుంది, ఆ పేరు మన మహబూబ్‌నగర్ జిల్లా బాలానగర్‌ది. దసరా రోజుల్లో జాతీయ రహదారి పక్కన గంపలు పెట్టుకుని కూర్చునే తల్లులకు ఆ సంగతి రాసిన ఒక చిన్న బోర్డు కూడా లేదు. అది పెట్టడానికి ఏ పథకమూ అక్కర్లేదు. నల్లమలలో చెంచులు కొండ అంచుల నుంచి తాళ్లు కట్టుకుని దిగి తెచ్చే తేనెకూ అంతే. దాని వెనక ప్రాణాలకు తెగించిన మనిషి ఉన్నాడని తెలిస్తే బేరమాడేవాడికి నోరు రాదు.

మన గిరాకీ పండగల చుట్టూ, జాతరల చుట్టూ కూడా ఉంది. బతుకమ్మ రోజుల్లో ఇంటింటా నువ్వుల పిండి, పల్లీల పిండి, మలీద కావాలి. పనికి పోయే ఆడవాళ్లకు దంచే తీరిక లేదు, చాలామంది కొంటున్నారు. ఆ ఆర్డర్లు పండగకు ముందే ఇంటింటికీ తిరిగి రాసుకునే సంఘం ఉంటే నువ్వులూ బెల్లమూ మన రైతు దగ్గరే కొనవచ్చు. చెరువుగట్టు, కురుమూర్తి, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరలకు లక్షల మంది వస్తారు. అక్కడ దుకాణాలకు వేలం పాడేటప్పుడు రెండు మూడు చోట్లు స్థానిక సంఘాలకు కేటాయించమని ఆలయ కమిటీలను ముందుగానే అడగాలి. జాతర మొదలయ్యాక అడిగితే లాభం లేదు.

ఇప్పుడు మీ ప్రశ్నలు.

(ధర ఎక్కువైతే పేదవాళ్లు ఎలా కొంటారని ఒక పెద్దాయన అడిగారు.)

మంచి ప్రశ్న అడిగారు బాపూ. పేదవాడిని ఎక్కువ ధర పెట్టి కొనమని నేను అడగను. అందుకే మొదట పెళ్లిళ్లు, హాళ్లు, ఆఫీసుల గురించి మాట్లాడాను. మొత్తంగా కొనేవాళ్లు స్థిరపడితే తయారీ ఖర్చు తగ్గుతుంది, చిల్లర ధర కూడా దిగుతుంది. పైగా పది రూపాయల చిప్స్ ప్యాకెట్టులో ఎన్ని గ్రాములున్నాయో ఒకసారి చూడండి. అదే పది రూపాయలకు ఉడికించిన గుగ్గిళ్లు పొట్లం కట్టి బడి దగ్గర అమ్మే అవ్వ దగ్గర పిల్లవాడి కడుపు నిండుతుంది.

(హాస్టల్‌కు టెండరు ద్వారానే సరుకు కొనాలి కదా, సంఘాల దగ్గర ఎలా తీసుకోగలమని ఒక వార్డెన్ అడిగారు.)

బియ్యం, పప్పు వంటివాటికి మీ చేతులు కట్టేసి ఉంటాయి, నాకు తెలుసు. సాయంత్రం చిరుతిండి నుంచి మొదలుపెట్టండి. పల్లీ పట్టీ, గుడాలు, నువ్వుల లడ్డూ. మీ నిబంధనల్లో ఎంత వరకు స్థానికంగా కొనే వీలుందో పై అధికారిని రాతపూర్వకంగా అడగండి, జవాబు వచ్చాక ఆ కాగితాన్ని సంఘాలకు చూపించండి. సంఘాల వైపు నుంచి మూడు సిద్ధంగా ఉండాలి. ఆహార భద్రతా సంస్థ నమోదు, ప్యాకెట్టు మీద తయారీ తేదీ, బరువు, గడువు. ఆపైన బిల్లు పుస్తకం. చిన్న తయారీదారులకు ఆ నమోదు రుసుము పెద్ద భారం కాదు. చాలా చోట్ల సరుకు బాగున్నా బిల్లు లేక ఆర్డరు పోయింది. 2020లో కేంద్రం తెచ్చిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకంలో సంఘ సభ్యురాలికి 40,000 రూపాయల వరకు మూలధన సాయం పెట్టారు. ఆ సాయం ఇప్పుడు ఉందో లేదో పనిముట్లు కొనే ముందు మండల సమాఖ్యలో అడగండి.

(ఆన్‌లైన్‌లో అమ్మితే తొందరగా ఎదగవచ్చు కదా అని ఒక యువకుడు అడిగాడు.)

తప్పకుండా అమ్ము తమ్ముడూ, నేను కాదనను. కానీ ముందు మీ వీధిలోని టీ కొట్టు గాజు సీసాలో నీ పల్లీ పట్టీ ఉండాలి. ఆ కొట్టు అన్న రోజూ నీ సరుకు తింటాడు, గట్టిపడితే గట్టిపడిందని, బెల్లం ఎక్కువైతే ఎక్కువైందని మర్నాడే నీ ముఖం మీద చెబుతాడు. వారంలో సరిచేసుకుంటావు. దూరం నుంచి కొన్నవాడు ఆ మాట చెప్పడు, మళ్లీ కొనకుండా ఊరుకుంటాడు. అక్కడ బల్ల మీద ఒక రిజిస్టరు పెట్టాం. టీ కొట్టు యజమానులు, హాళ్లవాళ్లు, వార్డెన్లు నెలకు ఏ సరుకు ఎంత కావాలో రాయండి. సంఘాలవాళ్లు ఎంత ఇవ్వగలరో పక్క గడిలో రాయండి. చేయగలిగినంతే రాయండి. ఈ రెండు గడులూ ఎక్కడ కలుస్తాయో చూసి వచ్చే సంత రోజున మళ్లీ కూర్చుందాం.